చెడిపోయినా ఫర్వాలేని కంప్యూటరు

2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి వచ్చినప్పుడు దానికి డబ్బా లేదు, కీబోర్డు లేదు, స్క్రీను లేదు. ఏటీఎం కార్డంత పచ్చటి బోర్డు, దాని మీద చిప్పులు, సాకెట్లు, అంతే. ధర 35 డాలర్లు. ఆ రోజు దాన్ని అమ్మకానికి పెట్టిన వెబ్‌సైట్లు రద్దీకి తట్టుకోలేక నిలిచిపోయాయి.

దీని రూపకర్తల్లో ముఖ్యుడు ఎబెన్ అప్టన్ కేంబ్రిడ్జ్‌లో పాఠాలు చెప్పేవారు. కంప్యూటర్ సైన్సు చదువుతామని వచ్చే పిల్లలు ఏటికేడు తగ్గడం, వచ్చినవాళ్లకు కూడా ప్రోగ్రామింగు అంతంతమాత్రంగానే రావడం ఆయన గమనించారు. 1981 నాటి బీబీసీ మైక్రో కంప్యూటరు స్విచ్ వేయగానే బేసిక్ భాషలో ప్రోగ్రాం రాయమన్నట్టు సిద్ధంగా ఉండేది. తర్వాత వచ్చిన పీసీ ఇంటిల్లిపాదిదీ అయింది. దాన్ని విప్పితే పెద్దవాళ్లు ఊరుకోరు. పాడుచేసుకోవడానికి పిల్లలకంటూ ఒక యంత్రం లేకుండా పోయింది. ఆ లోటు తీర్చడానికే రాస్ప్‌బెర్రీ పై, పొట్టిగా పై, పుట్టింది. బీబీసీ మైక్రోను తయారుచేసిన ఏకార్న్ కంపెనీలో మొదలైన ఆర్మ్ డిజైనే పై ప్రాసెసర్‌కూ మూలం. ఆ రకంగా ఇది పాత వంశమే.

ఇందులో అసలు విద్య బోర్డు అంచున రెండు వరసల్లో నిలబడిన పిన్నులది. మొదటి బోర్డుల్లో అవి 26, 2014 నుంచి 40. కొన్ని కరెంటు ఇస్తాయి, కొన్ని గ్రౌండు, మిగతావి మనం చెప్పినట్టు వింటాయి. అందరూ ఎల్‌ఈడీతోనే మొదలుపెడతారు. బ్రెడ్‌బోర్డు మీద ఎల్‌ఈడీ గుచ్చి, 330 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తే దీపం మిణుకుమంటుంది. గుర్తుంచుకోవలసిన నియమం ఒకటే: మనం చెప్పినట్టు వినే ఈ పిన్నులు 3.3 వోల్టులకు మించి భరించవు. 5 వోల్టులు తగిలిస్తే పిన్ను పోతుంది, ఒక్కోసారి బోర్డే పోతుంది.

మన ఇళ్లకు సరిపోయే ఉదాహరణ డాబా మీది నీళ్ల ట్యాంకు. మూత లోపలి వైపు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగిస్తారు. అది మన చెవికి అందని శబ్దం పంపుతుంది. శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన కాలాన్ని శబ్దవేగంతో గుణించి సగం చేస్తే నీరెంత లోతున ఉందో తెలుస్తుంది. చదవడానికి సులువే. చేయబోతే ఒక్కొక్కటే అడ్డొస్తుంది. సెన్సర్ జవాబు 5 వోల్టుల్లో వస్తుంది కాబట్టి 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు వరసగా పెట్టి దాన్ని 3.3కు దించాలి. పై మీద నడిచే లినక్స్ అదే సమయంలో మరో పనిలో ఉంటే కొలత తప్పుతుంది. అందుకని ఏడెనిమిదిసార్లు కొలిచి, వరసలో పెట్టి, మధ్యది తీసుకోవాలి. శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లయితే 40 డిగ్రీల దగ్గర 355. మే నెల ఎండలో ఈ లెక్క సరిచేయకపోతే మీటరుకు మూడు సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. ట్యాంకులో తేమకు ఆ సెన్సర్ ఎక్కువ కాలం నిలవదు, నీరు చొరబడని రకం కొనాలి. బడిలో మార్కుల కోసం చదివిన ఓమ్ సూత్రమూ శబ్దవేగమూ ఇక్కడ చేతికి పని చెబుతాయి.

ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ అంగట్లో దొరుకుతుంది కదా అంటారా? నీళ్లు పొంగకుండా ఉంటే చాలనుకుంటే అదే కొనండి, అందులో తప్పేమీ లేదు. లెవల్ కొలవడం ఒక్కటే పనైతే 2021లో 4 డాలర్లకు వచ్చిన పీకో అనే చిన్న బోర్డు కూడా చాలు. రోజువారీ వాడకం నమోదు చేసి, గ్రాఫు గీసి, ఇంట్లో అందరి ఫోన్లలో చూపించాలన్నప్పుడు పూర్తి కంప్యూటరు అక్కరకొస్తుంది. మోటారును కూడా దానితోనే ఆపించాలంటే రిలే, కాంటాక్టర్ అనే స్విచ్చులు కావాలి. ఆ 230 వోల్టుల వైరింగు ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. అక్కడ మాత్రం చెడితే చెడిందిలే అనుకోవడానికి వీల్లేదు.

ఇక రెండు అలవాట్లు. షట్‌డౌన్ చేయకుండా ప్లగ్ పీకితే ఎస్‌డీ కార్డులో ఫైళ్లు పాడవ్వచ్చు. పని పూర్తయ్యాక కార్డుకు నకలు తీసి పెట్టుకోవాలి.

అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రిపోర్టుతో సహా ఇస్తారు. అది ఎలా పనిచేస్తుందో కుర్రాడికి తెలియకుండానే డిగ్రీ వచ్చేస్తుంది. ఆ ప్రాజెక్టుకు పెట్టే డబ్బుతో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక బోర్డు, నాలుగు సెన్సర్లు, గుప్పెడు జంపర్ వైర్లు కొనివ్వండి. ఒకటి రెండు కాలిపోతే కోప్పడకండి.