చెలికత్తెలకు శిక్షణము

ఈడువచ్చిన బాలికలకు శరీరధర్మములను వారి యీడు బాలికలచేతనే చెప్పింపవలెనను తలంపు మన దేశమున ప్రభుత్వప్రణాళికయై పదియేండ్లు దాటినది. 2014 జనవరి 7వ తేదీన కేంద్రప్రభుత్వ మారంభించిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమునందు, వేయి జనాభాగల యూరికి ఇద్దరు బాలురను, ఇద్దరు బాలికలను ఎన్నుకొని, శిక్షణ యిచ్చి, పదునైదిరువదిమంది తోడివారిని వారమువారము కూర్చుండబెట్టుకొని ముచ్చటింపుడని విధించినారు. 2016 డిసెంబరులో వీరికొరకు 'సాథియా' యను పేర పుస్తకములు, ఆటలు, ప్రశ్నోత్తరములు గల సంచి యొకటి వెలువడినది. ఉపన్యాసకుడు వేదికమీదినుండి పలుకుటకు మారుగా చెలికత్తె ప్రక్కన కూర్చుండి పలుకవలెనను నీ భావము మాకు నచ్చినది. నచ్చినది గనుకనే దానిని గట్టిగా పరీక్షింపదలచితిమి.

పూర్వమిట్టి బోధ పత్రికలద్వారా జరిగెడిది. 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారు మదరాసున స్థాపించిన 'గృహలక్ష్మి' వంటి పత్రికలు స్త్రీలకు చేసిన మేలు చిన్నది కాదు. అయినను అవి చదువు వచ్చిన గృహిణిని చేరినవేగాని, పదునాలుగేండ్ల పిల్ల అడుగదలచి అడుగలేకపోయిన ప్రశ్నను వినలేకపోయినవి.

ఇక పిట్లము వంటి యూరిని తలంచుకొందము. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలోను, తరువాత కామారెడ్డి జిల్లాలోను చేరిన యీ మండలము మహారాష్ట్ర, కర్ణాటకముల పొలిమేరలకు దాపున నున్నది. ఆ ప్రాంతమున తెలుగుతోపాటు మరాఠీ, కన్నడములును, తండాలలో లంబాడీ పలుకును వినవచ్చును. తెలుగింటి పిల్లయైనను 'ఋతుస్రావ' మనదు; 'బయట ఉన్న' ననును. తొలిసారియైనచో 'పెద్దమనిషైంది' అందురు. గర్భిణి 'కడుపుతో' నుండును. ప్రసవము 'కాన్పు' అగును. మేమును సంస్కృతము చదివినవారమే. 'గర్భాశయముఖద్వారము' అను సమాసమునకు విగ్రహవాక్యము చెప్పగలము. కాని కడుపునొప్పితో మూలకు ముడుచుకొన్న పిల్లకు ఆ విగ్రహవాక్యమేమి చేయును? శిక్షణలో నేర్చిన పెద్దమాటలనే తోడిపిల్లలయెదుట వల్లించిన నాడు చెలికత్తె చిన్న యుద్యోగినియై కూర్చుండును. ఆమెను ఎన్నుకొన్న ప్రయోజనమే పోవును. ఆసుపత్రిమాటలు అక్కరలేదని మేమనము. డాక్టరమ్మతో మాటలాడుటకు అవియు కావలసినవే. ఇంటిమాటనుండి ఆసుపత్రిమాటకు మెట్లు కట్టుట నేర్పవలెను. అందుకు మొదటిదినమున పిల్లలనోటి మాటలనే నల్లబల్లపై వ్రాయవలెను. తండాపిల్ల చెప్పిన మాటనుగూడ.

ఇట్టి సంగతులు చెప్పిన పిల్లలు చెడుదురను భయము కొత్తది కాదు. 2007లో ఆ పొరుగు రాష్ట్రములు రెండును పాఠశాలలలో కౌమారవిద్యను నిలిపివేసినవి. చెప్పకుండుటవలన జరుగుచున్నదేమో చూతము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15-19 ఏండ్ల బాలికలలో నూటికి 64.7 మందికి రక్తహీనత కనబడినది. 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23.5 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనది. ఆ పెండ్లికూతుండ్రలో శిక్షణ పొందిన చెలికత్తెయు ఉండవచ్చును గదా! పుట్టినయూరి పట్టికలో ఆమె పేరు కొట్టివేయుదురు. అత్తవారియూరిలో ఆమె వట్టి కోడలు. ఆమె నేర్చినది ఆ యూరి ఆశా కార్యకర్తకు తెలియజేయు నేర్పాటు ఉండవలెను.

అన్నిటికంటె కఠినమైనది రహస్యము. శాకుంతలములో అనసూయాప్రియంవదలు చెలిమికి లోటు చేసినవారు కారు. అయినను దుర్వాసుని శాపమును శకుంతలకే చెప్పకుండిరి. ఆమె సుకుమారి, తాళజాలదనుకొనిరి. ఉంగరము చూపుమని మాత్రము చెప్పి పంపిరి. అది నీటిపాలగుటయు, గర్భవతి నిండుసభలో నిరాకరింపబడుటయు చదువరు లెరిగినదే. ప్రేమ వారికి నిండుగా నుండెను. ఏది దాచవలెనో, ఏది యెవరికి చెప్పవలెనో తెలియదు.

నేటి చెలికత్తెకు ఈ చిక్కు మరింత పెద్దది. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు పిల్ల ఇష్టపడినను ఆ సంబంధమును నేరముగానే యెంచును; 19వ విభాగము ప్రకార మట్టి నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. తెలుపనిచో పెద్దలకు శిక్ష కలదు. బాలలకు 21వ విభాగము మినహాయింపు ఇచ్చినది. పదునారేండ్ల చెలికత్తెకు శిక్ష లేకపోవచ్చును. ఆమె సంగతి చెప్పిన ఆశా కార్యకర్తకో, ఉపాధ్యాయురాలికో ఆ మినహాయింపు లేదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీముకోర్టు, బాలికయు సంరక్షకులును కోరినచో గర్భస్రావము చేయు వైద్యులు పోలీసులకు ఆమె పేరు తెలుపనక్కరలేదని తీర్పు చెప్పినది. ఈ సంగతి తెలియక భయపడి నాటువైద్యమును వెదకు పిల్లకు ఆసుపత్రిదారి చూపగలది చెలికత్తెయే. శిక్షణలో ఇది ఇంటిమాటలలో చెప్పవలెను. "నీ మాట నలుగురిలో వేయను, కాని నీకు అపాయమని తోచినచో ఫలానా అక్కకు చెప్పుదును, చెప్పుటకు ముందు నీకు తెలుపుదును" అని, ఎదుటిపిల్ల నోరు విప్పకమునుపే చెలికత్తె పలుకునట్లు అభ్యాసము చేయింపవలెను.