అన్నదమ్ములైతే సరిపోతుందా?

అమెరికా, కెనడా సరిహద్దు గీత మీద, బ్లెయిన్ ఊరి దగ్గర, 67 అడుగుల తెల్లటి కమాను ఒకటుంది. పేరు పీస్ ఆర్చ్. సియాటిల్ తెలుగువాళ్లు వాంకూవర్ వెళ్తూ కార్లోంచి చూసేదే. 1814లో ఘెంట్ ఒప్పందంతో అమెరికా, బ్రిటన్ యుద్ధం ముగిసింది. ఆ శాంతికి నూరేళ్లు నిండిన గుర్తుగా శామ్యూల్ హిల్ పూనుకుని దీన్ని కట్టించాడు. 1921 సెప్టెంబరు 6న ప్రారంభించారు.

నాకు కట్టడం కన్నా దాని మీది రాతల మీదే ఆసక్తి. అమెరికా వైపు రాత ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలంటుంది. కెనడా వైపు రాత సోదరుల ఐక్యత గురించి.

నంద్యాలలో పెరిగిన నాకు ఈ వాదన మింగుడుపడదు. మావైపు పొలం గట్టు దగ్గర మొదలై కోర్టుకెక్కే తగాదాలు ఎన్నో దాయాదుల మధ్యవే. పల్నాటి కథలో నలగాముడు, మలిదేవుడు ఒకే తండ్రి బిడ్డలు. అయినా కారంపూడిలో యుద్ధం తప్పలేదు.

ఇంతకీ ఆ తల్లెవరు? బ్రిటన్. కమాను మీద 1814, 1914 అని రెండు సంవత్సరాలు వేసి, నూరేళ్లుగా తెరిచే ఉందని రాశారు. సరిగ్గా ఆ 1914లోనే, యాభై కిలోమీటర్ల లోపు దూరంలోని వాంకూవర్ రేవులో, కొమగాట మారు ఓడను రెండు నెలలు నిలిపేశారు. అందులో 376 మంది, ఎక్కువమంది పంజాబీలు. దాదాపు అందర్నీ వెనక్కి పంపేశారు. వాళ్లూ బ్రిటిష్ ప్రజలే, కానీ ఆ తల్లి బిడ్డల లెక్కలోకి రాలేదు.

కమాను లోపలి రాత మాత్రం నాకు నచ్చింది. ఈ తలుపులు ఎన్నటికీ మూతపడకూడదని కోరుకుంటుందది. చుట్టరికం ఊసెత్తదు. పక్కనే నిజంగానే ఇనుప తలుపులున్నాయి, ఒక రెక్క అటు దేశంలో, ఒకటి ఇటు దేశంలో.

2020 మార్చిలో కోవిడ్ వల్ల సరిహద్దు మూసేశారు. ఇనుప తలుపులు మాత్రం తెరిచే ఉన్నాయి! అంటే ఆ కోరిక రాతి మీద నెరవేరింది, రోడ్డు మీద కాదు. అయినా అమెరికా వైపు పార్కు తెరిచి ఉన్న రోజుల్లో విడిపోయిన జంటలు, కుటుంబాలు ఆ గడ్డి మీదే కలుసుకున్నాయి. కొందరి పెళ్లిళ్లు కూడా అక్కడే జరిగాయి. ఆ కమానుకి అర్థం తెచ్చింది వాళ్లే అనుకుంటాను.

మా సీమలో పోరులో పడ్డవాళ్లకి వీరగల్లులున్నాయి. రాజీకి నిలబెట్టిన రాయి నా కంటపడలేదు. దేవుడి విగ్రహాలకు పేరున్న ఆళ్లగడ్డ శిల్పుల చేత ఎవరైనా అలాంటిది చెక్కించదలిస్తే, అన్నదమ్ములనే మాట వద్దంటాను. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప మూయలేని తలుపు చెక్కితే చాలు.