గద్వాల మగ్గం ఎక్కిన అట్టలు

గద్వాల చీరలో నూలు ఒళ్లూ పట్టు అంచూ కలిసే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ సూది పడలేదు. రెండు అంచులకు రెండు, ఒంటికి ఒకటి, మొత్తం మూడు నాడెలు ఆడతాయి. ప్రతి వరుసలోనూ నూలు పేక, పట్టు పేక ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. మెలిక వదులైతే సందు కనబడుతుంది, బిగిస్తే అంచు ముడుచుకుంటుంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేత పనితనమంతా ఆ సన్నటి గీతలోనే ఉంది.

అంచు మీద నెమలి రావాలా, హంస రావాలా అన్నది మగ్గం పైనున్న జాకార్డు అనే పరికరం చెబుతుంది. దానికి తగిలించిన అట్టలో చిల్లున్న చోట సూది దూరుతుంది, కొక్కెం పడుగు పోగును లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. వరుసకో అట్ట. అట్టలు మారిస్తే అదే మగ్గం మరో చీర నేస్తుంది. ప్రోగ్రాం మారగానే పని మార్చుకునే నేటి ఫ్యాక్టరీ యంత్రాలకు ఇదే పూర్వరూపం.

నన్ను కట్టిపడేసేది ఆ అట్టలు కట్టే తీరు. ఒక్కటి వరుస తప్పినా పువ్వు రేకు విరుగుతుంది. అందుకే నంబర్లు వేసి, దారంతో ఒకదానికొకటి కుట్టేస్తారు. మధ్యలో ఇంకో అట్ట దూర్చాలంటే దారం తెంపాలి, మగ్గం మీదికి ఎక్కాలి. అలా దూర్చినా నాలుగు వరుసలు నేసేసరికి తప్పు బట్ట మీదే బయటపడుతుంది.

కంప్యూటరు నడిపే యంత్రాలకు ఈ రక్షణ పుట్టుకతో రాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్వేర్, ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజుల వేగం మారుస్తూనే తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టు పాత రీడింగులు చూపించింది. 2017లో సౌదీలోని ఓ పెట్రోకెమికల్ ప్లాంటులో భద్రతా కంట్రోలరుకు నిజమైన తాళంచెవే ఉంది. దాన్ని ‘ప్రోగ్రాం’ వైపు తిప్పి వదిలేయడంతో ట్రైటన్ మాల్వేర్‌కు దారి దొరికింది. ‘రన్’ వైపు తిప్పి చెవి దాచిపెట్టుకుంటే ఆ దారి మూసుకుపోయేది! అంత చిన్న మీట వెనక అంత ఆలోచన పెట్టిన ఇంజినీర్ల పనితనం కూడా నాకు నేతపనిలాగే గొప్పగా కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టల బదులు ఫైలు ఉంటుంది. దాన్ని ఎక్కించే హక్కు ఎవరిది, మార్చినవారి పేరు నమోదవుతుందా, అసలు ఫైలు ఇంకోచోట భద్రంగా ఉందా అన్నవి గద్వాలలోనైనా, మరో నేత ఊరైన అమరచింతలోనైనా అలాంటి మగ్గం కొనేనాడే అడిగి తెలుసుకోవాలి.