వంత నుండి స్వరలిపికి: రాయలసీమ భజనగానం – బాలల సంగీతబోధన

రాయలసీమ జానపద గేయ సంకలనాలలో పాట అచ్చయ్యే తీరును గమనిస్తే ఒక లోపం కనిపిస్తుంది. పల్లవిని ఒకసారి పూర్తిగా ఇస్తారు. ఆ తరువాత ప్రతి చరణం చివర పల్లవి తొలిమాటను నిలువుగీతల మధ్య ఉంచి వదిలేస్తారు. సాహిత్యపాఠమే ప్రధానమనుకునే పరిశోధనకు అది చాలవచ్చు. కాని ఆ గీతల మధ్య అణగిపోయేది వంత. కర్నూలు, కడప పల్లెల్లో పిల్లలు పాటలోకి అడుగుపెట్టేది ఆ వంతతోనే.

చెక్కభజనలో గురువు పాదం ఎత్తుకుంటే బృందం అందుకుంటుంది. పిల్లలకు మొదట చరణాలు అప్పగించరు, వంత పలకమంటారు. విన్నదాన్ని విన్న శ్రుతిలో, అడుగు తప్పకుండా తిరిగి పలకాలి. తప్పు పలికిన గొంతు పదిమంది గొంతుల్లో కలిసిపోతుంది గనుక సిగ్గుపడే పని లేదు. అయినా ఆ తప్పు పలికినవాడి చెవికి తెలుస్తుంది, దిద్దుకునే అవకాశం మరుసటి ఆవృత్తిలోనే వస్తుంది. పురుషుడైన గురువు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర కట్టె శ్రుతిలో పాడతాడు. పిల్లల గొంతు అంత కిందికి దిగదు కాబట్టి వారు అదే బాణీని పైస్థాయిలో అందుకుంటారు. స్థాయీభేదం అన్న మాట వినకముందే దాన్ని గొంతుతో అనుభవిస్తారన్నమాట. గురువు శ్రుతి ఇంకాస్త పెంచితే ఏ స్థాయీ అందక, పాట మధ్యలో గొంతు దించేసే పిల్లలూ ఉంటారు. వంతను ఆదర్శ పాఠశాలగా కీర్తించేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

శాస్త్రీయ సంగీతపాఠం కూడా మూలంలో సంతే. గురువు చెప్పగా శిష్యుడు తిరిగి చెప్పడమే అందులోని పద్ధతి. అయితే సంతలో గురువు ఆగి దిద్దుతాడు. వంతలో తాళం ఎవరికోసమూ ఆగదు. పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెప్పే సరళీ వరుసలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. హంగేరీ సంగీతజ్ఞుడు జోల్తాన్ కొదాయ్ (1882–1967) భావాలపై రూపొందిన బోధనాపద్ధతి ఇందుకు భిన్నమైనది. అందులో పిల్లలకు పరిచితమైన పాటల నుండి రెండు మూడు స్వరాలను తీసుకొని మొదలుపెడతారు, అర్ధస్వరాంతరాలను తరువాతి దశకు వాయిదా వేస్తారు. ఆ కొలతతో చూసి, శుద్ధరిషభంతో మొదలయ్యే మన అభ్యాసం పిల్లలకు బరువని తేల్చేయడం సులభం. ఆ తీర్పు సీమలో నిలవదని నా అభిప్రాయం. మాయామాళవగౌళ జన్యమైన నాదనామక్రియ ఛాయలు జానపద బాణీలకు కొత్తవి కావు, ఆ బాణీల మధ్య పెరిగిన చెవికి శుద్ధరిషభం చుట్టమే. మాటల్లేని ఎనిమిది స్వరాలను, వంత పలికే తోడు లేకుండా, పుస్తకం చూపి ఒంటరిగా పాడించడంలోనే అసలు బరువు ఉంది.

స్వరలిపి విషయంలో తెలుగు పిల్లలకు అయాచితంగా దక్కిన సౌలభ్యం ఒకటుంది. 'స' ఒక అక్షరకాలం, 'సా' రెండు. హ్రస్వం ఏకమాత్ర, దీర్ఘం ద్విమాత్ర అన్న గుణింతపు జ్ఞానమే ఇక్కడ కాలప్రమాణమవుతుంది. పైన చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రస్థాయి. తచ్చూరు సింగరాచార్యుల గ్రంథాలు, 1904లో ఎట్టయపురం నుండి వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి.

కాని ఈ సౌలభ్యంలోనే ఒక చిక్కు దాగి ఉంది. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది, స్వరలిపిలో ఆ నియమం లేదు. పాటలోనైతే లఘువును కూడా మూడు నాలుగు అక్షరకాలాలు సాగదీస్తారు. తడుముకోకుండా గణవిభజన చేసే నా డిగ్రీ విద్యార్థులే, పాట విని లఘువు ఎక్కడ సాగిందో గుర్తించమంటే తడబడ్డారు. సాహిత్యమాత్ర వేరు, స్వరమాత్ర వేరు. వంత పలికిన పిల్లలు ఈ తేడాను గొంతుతో ముందే దాటి ఉంటారు. అందువల్ల వారికి ముందుగా చూపవలసింది సరళీ వరుస కాదు, తమకు కంఠస్థమైన వంతకే వేసిన స్వరం. అప్పుడు లిపి కొత్త పాఠంగా తోచదు, పాడినదాన్నే కంటితో పోల్చుకోవడం అవుతుంది.

పాటను స్వరం లేకుండా భద్రపరిస్తే ఏమి జరుగుతుందో తాళ్ళపాక రాగిరేకులు చూపుతాయి. అన్నమాచార్య సంకీర్తనలకు వాటిలో రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. సీమకే చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) ఆ సంకీర్తనలను పరిష్కరించడంతో ఆగలేకపోయారు, కొన్నింటికి కొత్తగా బాణీలు కట్టి స్వరపరచవలసి వచ్చింది. మూల బాణీ తిరిగి దొరికే దారి అప్పటికే లేదు. నేడు మనం సేకరిస్తున్న భజనపాటల విషయంలో ఆ దారి ఇంకా మూసుకుపోలేదు. చరణాలన్నిటికీ స్వరం వేయడం ఒక్క పరిశోధకుని వల్ల అయ్యే పని కాకపోవచ్చు. ప్రతి పాటలో వంత ఒక్కదానికైనా స్వరం వేసి, బృందం దాన్ని ఏ అక్షరం దగ్గర అందుకున్నదో గుర్తుపెట్టి, గురువు శ్రుతిని పక్కన నమోదు చేయడం మాత్రం సాధ్యమే. జారులు, గమకాలు ఆ లిపికి పూర్తిగా లొంగవు, వాటికోసం ధ్వనిముద్రణను జతచేయాలి.