‘దోన్ కిహోతె’ ఆంగ్లానువాదాలు: సంబోధనలో హోదా

సెర్వాంటెస్ రచించిన ‘దోన్ కిహోతె’ (1605, 1615) నవలలో సేవకుడు సాంచో తన యజమానిని ‘వుయెస్త్రా మెర్సెద్’ అని సంబోధిస్తాడు. ‘మీ అనుగ్రహం’ అన్నది దీని పదార్థం. నేటి స్పానిష్‌లోని మర్యాద సర్వనామం ‘ఉస్తెద్’ ఈ పదబంధం అరిగి ఏర్పడినదే. ఆంగ్లంలో జాన్ ఆర్మ్స్‌బీ (1885) దీనిని ‘యువర్ వర్షిప్’గా, ఎడిత్ గ్రాస్‌మన్ (2003) ‘యువర్ గ్రేస్’గా అనువదించారు. పదార్థానికి రెండవదే దగ్గర. అయితే సంబోధనను తూచవలసినది పదార్థంతో కాదు, హోదాతో. ఆంగ్ల వ్యవహారంలో ‘గ్రేస్’ డ్యూకులకూ ఆర్చిబిషప్పులకూ చెందినది. కిహోతె పల్లెటూరి ఇదాల్గొ, అంటే చిన్నస్థాయి కులీనుడు మాత్రమే. రెండవ భాగంలో అసలైన డ్యూకు దంపతులు ప్రవేశించేసరికి, వారికి దక్కవలసిన సంబోధన అప్పటికే అతని పాలై ఉంటుంది.

యజమాని భ్రమకు తగినట్లు సేవకుడు పెద్ద బిరుదు వాడటంలో హాస్యముందని దీనిని సమర్థించవచ్చు. కానీ దారిలో కలిసిన దోన్ దియేగో దె మిరాందాను కిహోతె కూడా ఇదే మాటతో పలకరిస్తాడు. అది ఆనాటి మామూలు మర్యాద.

హాస్యం ఉన్నది ‘దోన్’లో. కిహోతె స్థాయికి ఆ బిరుదు చెల్లదు. తనకు తానే తగిలించుకున్నాడు. తోటి ఇదాల్గొలు దీనిని ఆక్షేపిస్తున్నారని రెండవ భాగం ఆరంభంలో సాంచో చెబుతాడు. సాంచో భార్య తెరెసా మాత్రం తన పేరుకు అటువంటి తోకలేవీ అక్కరలేదంటుంది. ఆంగ్లంలో ‘డాన్’ అలాగే నిలిచి, పేరులో ఒక భాగమైపోయింది. దానిని అనువదించడం సాధ్యం కాదు, నిజమే. పీఠికలో ఒక్క వాక్యం చేర్చడం సాధ్యమే.

సర్వనామాల నష్టం ఇంతకంటే సూక్ష్మం. కిహోతె సాంచోను సాధారణంగా ‘తూ’ అంటాడు. రాత్రంతా భయపెట్టిన చప్పుడు ఉన్నిబట్టలు దంచే నీటిమరదని తెల్లవారాక తేలి సాంచో నవ్వినప్పుడు, కోపంతో ‘వోస్’కు మారతాడు. చనువు తెగిపోయిందనడానికి అదే గుర్తు. ఆర్మ్స్‌బీ అక్కడ ‘దౌ’ విడిచి ‘యూ’ వాడాడు. ఆయన పాత భాషను ఎగతాళి చేసేవారు ఈ చోటును గమనించాలి. గ్రాస్‌మన్ ఆధునికాంగ్లంలో సాంచోతో మాటల్లో ‘యూ’ ఒక్కటే కనుక మలుపు కనిపించదు. కోపం వచ్చినప్పుడు చిన్నవారిని ‘తమరు’ అని ఎత్తిపొడిచే తెలుగువారికి ఈ మలుపు వివరణ లేకుండానే అందుతుంది. ఆ ‘యూ’ను మాత్రమే చూసి తెలుగు చేసే అనువాదకునికి, అక్కడ ‘తమరు’ అవసరమని తెలిసే దారి లేదు.