నవలారచనకు ముందు వాక్యాభ్యాసము

పద్యరచనయందు చేయితిరిగినవాడు నవల వ్రాయబూనినప్పుడు మరల ఓనమాలు దిద్దవలయునా యని పండితులు కొందరు ప్రశ్నింతురు. దిద్దవలయుననియే నా తలంపు. కందుకూరి వీరేశలింగముగారి రచనాక్రమమే ఇందులకు నిదర్శనము.

వీరేశలింగముగారు తొలినాళ్లలో శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. ఓష్ఠ్యములను విడిచి, సంస్కృతసమములను విడిచి, నడుమ వచనమే లేకుండ ఒక కథను నడపుట సామాన్యమైన సామర్థ్యము గాదు. అట్టివారు పిమ్మట, చిన్నయసూరి 1853లో ప్రకటించిన మిత్రలాభ మిత్రభేదములకు శేషమైన సంధి విగ్రహములను వచనమున వ్రాసిరి. తనకు ముందు నడచినవాని అడుగులలో అడుగు వేయుట సిద్ధహస్తునకు చిన్నతనము గాదు; అది క్రొత్త విద్యకు శిష్యత్వము. 1874లో వివేకవర్ధనిని నెలకొల్పగా, నిఘంటువు నెరుగని పాఠకునకు సయితము తెలియునట్లు వ్రాయవలసిన యవసరము గలిగెను. అటుతరువాతనే రాజశేఖర చరిత్రము 1878లో ఆ పత్రికయందు భాగములుగా వెలువడి, 1880లో గ్రంథమయ్యెను.

ఈ యభ్యాసఫలమును గ్రంథమునందే పరిశీలింపవచ్చును. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు వికారు కథ దీనికి ప్రేరకము. అయినను ఇందలి గృహము, బంధువులు, మూఢవిశ్వాసములు మన గోదావరీతీరమువే. బంగారము చేసెదనని నమ్మించి, ఇంటనున్న బంగారమునే యపహరించి పోయిన బైరాగి కథను చూడుడు. అచ్చట అలంకారమునకు పని లేదు. ఆశ నమ్మికను, నమ్మిక నష్టమును, నష్టము దారిద్ర్యమును తెచ్చుచుండగా, కలిమినాడు చేరిన మిత్రులు లేమినాడు తొలగిపోవుదురు. ఒక సంగతి మఱియొకదానికి కారణమగుటయే నవలకు ప్రాణము.

దోషమును గూడ దాచరాదు. గ్రంథారంభమున గోదావరిని, ధవళగిరిని వర్ణించు దీర్ఘభాగమున ప్రబంధవాసన వీడలేదు. ప్రబంధమున వర్ణనకొఱకు కథ నిలిచిన నిలువవచ్చును; నవలలో అట్లు నిలిచినచో పాఠకుడు పుటలు త్రిప్పును. వీరేశలింగముగారే తమ కృతిని వచనప్రబంధమని పేర్కొనుట ఇచ్చట స్మరింపదగినది. నేర్చినదానిని మఱచుట నేర్చుటకంటె కష్టమని దీనివలన తేలుచున్నది. పదసంపద గలవానికి ఈ ప్రమాదము మెండు. చెప్పవలసిన సంగతి లేనిచోటును అతడు సమాసముతో కప్పిపుచ్చగలడు.

కావున నవల వ్రాయదలచిన పండితుడు మున్ముందుగా తన వీథిలో జరిగిన యొక చిన్న తగవును, విశేషణములు లేకుండ, పది వాక్యములలో వ్రాసి చూచుకొనుట మేలు. ఎవరు, ఏల, ఏమి చేసిరో అందులో తేటపడనిచో, మూడువందల పుటలలోను తేటపడదు. పాఠశాలలయందు వసంతవర్ణనను వ్రాయించు ఉపాధ్యాయులు బాలురచే దీనిని గూడ వ్రాయింతురేని, రాబోవు నవలాకారులకు తొలిమెట్టు కట్టినవారగుదురు.