సర్వే నంబరు ఏ రకం? పైథాన్ అడిగే తీరు

నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ మండలంలోని ఒక ఊరి పహాణీని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నామనుకుందాం. సర్వే నంబరు కాలమ్‌లో ఒకచోట 45 ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్నచోట అది 45/అ, 45/ఆ అవుతుంది. ఇంకోచోట 12/3. రైతుకు ఇవన్నీ నంబర్లే. ఎక్సెల్‌కు మాత్రం 45 సంఖ్య, 45/అ అక్షరాల వరుస, 12/3 ఏకంగా తేదీ. సెల్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టకపోతే రోజు ముందు, నెల తర్వాత వచ్చే అమరికలో మార్చి 12 అని మార్చి కూర్చుంటుంది.

ఆ ఫైలును పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీతో చదివితే ఒకే కాలమ్ నుంచి ఇంట్ (పూర్ణాంకం), స్ట్రింగ్ (అక్షరాల వరుస), డేట్‌టైమ్ (తేదీ, సమయం) మూడు రకాలూ వస్తాయి. ఏ గడిలో ఏ రకం ఉందో తేల్చే చిన్న ఫంక్షన్ ఇజ్‌ఇన్‌స్టన్స్. రోజూ వాడేవాళ్లు కూడా దాని పనితనాన్ని ఆగి చూడరు. చూడాల్సినంత అందం అందులో ఉంది.

వస్తువు రకాన్ని టైప్ అనే ఫంక్షన్ కూడా చెబుతుంది, కానీ సొంత క్లాస్ ఏదో చెప్పి ఆగిపోతుంది. ఇజ్‌ఇన్‌స్టన్స్ పూర్వీకులనూ చూస్తుంది. డేట్‌టైమ్ డేట్‌కు వారసుడు కాబట్టి ‘ఇది డేట్ రకమా?’ అన్న ఒక్క ప్రశ్నకు రెండూ దొరికిపోతాయి. దారితప్పిన 12/3ను పట్టుకోవడానికి అంతే చాలు.

ఈ వారసత్వంలో అందరికంటే వింతైన బిడ్డ బూల్. పాత పైథాన్‌లో అవును, కాదు అనడానికి 1, 0 వాడేవారు. 2003లో వచ్చిన 2.3 వెర్షన్‌లో ట్రూ, ఫాల్స్‌లకు సొంత రకం ఇచ్చినప్పుడు, అప్పటిదాకా రాసిన కోడ్ విరగకూడదని దాన్ని ఇంట్‌కు వారసుణ్ని చేశారు. అందుకే ట్రూ ఇంటేనా అంటే ఇజ్‌ఇన్‌స్టన్స్ అవునంటుంది. నీటి వసతి కాలమ్‌లోని ట్రూ పొరపాటున సర్వే నంబర్ల గడిలోకి జరిగితే నంబరుగా చెలామణి అయిపోతుంది. బూల్ కాదని ముందు తేల్చుకుని, తర్వాతే ఇంట్ గురించి అడగాలి. కొందరికి ఇది లోపంగా కనిపిస్తుంది. పాత కోడ్ రాసినవాళ్ల మీద చూపిన గౌరవంగానే నాకు కనిపిస్తుంది.

లోపలి పని ఇంకా పొదుపు. సి భాషలో రాసిన పైథాన్‌లో ప్రతి వస్తువూ తన క్లాస్ ఎక్కడుందో చెప్పే చిరునామాను వెంటే మోస్తుంది. ఇజ్‌ఇన్‌స్టన్స్ మొదట ఆ చిరునామాను, మనం అడిగిన క్లాస్ చిరునామాను పోలుస్తుంది. రెండూ ఒకటైతే పని అక్కడే అయిపోయింది. కాకపోతే పూర్వీకుల వరుసలో వెతుకుతుంది. ఆ వరుసను అడిగినప్పుడల్లా కొత్తగా కట్టదు. క్లాస్ పుట్టినప్పుడే లెక్కగట్టి దాని దగ్గరే ఉంచేస్తుంది. వేలాది గడులను అడిగినా భారం తెలియకపోవడానికి ఈ ముందుచూపే కారణం.

2007లో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్, టాలిన్ కలిసి రాసిన ప్రతిపాదనతో ఇంకో తలుపు తెరుచుకుంది. రక్తసంబంధం లేకున్నా ఒక క్లాస్‌ను మరో వంశంలో నమోదు చేయొచ్చు. దశాంశ సంఖ్యల క్లాస్ డెసిమల్ అలాగే నంబర్ కుటుంబంలో చేరింది.

అయినా ఇజ్‌ఇన్‌స్టన్స్‌కు తెలిసింది రకమే, అర్థం కాదు. 2 ఎకరాల 10 గుంటలను 2.10 అని రాస్తాం. దశాంశ సంఖ్యలకు పైథాన్ మామూలుగా వాడే ఫ్లోట్‌కు 2.10, 2.1 ఒకటే. రకం అడిగితే జవాబు సరిగ్గానే వస్తుంది, 40 గుంటలకు ఎకరమన్న లెక్క మాత్రం అందులో లేదు. దానికి సొంత క్లాస్ రాసుకోవాలి: ఎకరాలకు ఒక ఇంట్, గుంటలకు ఒక ఇంట్, గుంటలు 39 దాటితే ఎర్రర్. 2008లో వచ్చిన పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది కాబట్టి ఆ క్లాస్‌ను ‘విస్తీర్ణం’ అనే పిలవొచ్చు. అది రాసిన క్షణం నుంచి ఇజ్‌ఇన్‌స్టన్స్‌కు ఇంట్ ఎంతో విస్తీర్ణమూ అంతే.